కూర్చుంది, కూర్చోబెట్టాను: ఒక లంక ఊరి కేస్ స్టడీ

నరసాపురంలో సైకాలజిస్టుగా నేను కన్సల్టేషన్‌కి కూర్చునే గదికి 2022 సెప్టెంబరు చివర్లో ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. అవతల ఒడ్డున సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, వశిష్ఠ గోదావరి దాటి వచ్చారు. తమ్ముడు ముందుగా లోపలికొచ్చి, తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "మా అన్నయ్యకి మతి చలించిందండి. బొమ్మతో కాపురం చేస్తన్నాడు" అన్నారు. అన్నయ్య బయట బెంచీ మీద, చెప్పులు విప్పి పక్కన సర్దుకుని, తల వంచుకుని కూర్చున్నారు.

ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. ఊరి పేరు రాయలేదు, గుర్తుపట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. రాసిందంతా చదివి వినిపిస్తే ఆయన ఒక్కచోటే దిద్దారు. నేను "రబ్బరు బొమ్మ" అని రాశాను. "రబ్బరు కాదండీ, టీపీఈ" అన్నారు. రబ్బరులా సాగే ఒక రకం ప్లాస్టిక్ అది. ముప్పై ఏళ్లు సరుకు ఓడల్లో ఫిట్టరుగా చేసిన మనిషి. మెటీరియల్ పేరు తప్పు పడితే ఊరుకోరు.

వయసు అప్పటికి 59. 2018లో ఓడ ఉద్యోగం మాని ఒడ్డుకొచ్చేశారు. గోదావరి లంకలో రెండెకరాల కొబ్బరి తోట, దాని మధ్య పైన ఒక్క గదితో డాబా ఇల్లు. ఒక్కతే కూతురు, అమెరికాలో ఉంటుంది. భార్య 2020 ఆగస్టులో పోయారు. బొమ్మ 2021 డిసెంబరులో వచ్చింది. చెన్నైలో ఉన్న పాత ఓడ స్నేహితుడి ద్వారా తెప్పించుకున్నారు. మనిషంత ఎత్తు, 34 కిలోల బరువు, లోపల స్టీలు అస్థిపంజరం, పైన మెత్తటి ప్లాస్టిక్ చర్మం. దాదాపు తొమ్మిది నెలలు ఆ సంగతి ఎవరికీ తెలియదు.

బయటపడింది దింపు రోజున. ఆ తోటలో రెండు నెలలకోసారి కాయ దింపుతారు. పై గది కిటికీకి ఎదురుగా ఒక చెట్టుంది. జులైలో ఆ చెట్టెక్కినప్పుడే దింపు మనిషికి లోపల కుర్చీలో ఒక ఆడమనిషి కనిపించిందట. చుట్టాలెవరో వచ్చారనుకున్నాడు. సెప్టెంబరులో మళ్లీ ఎక్కితే అదే కుర్చీ, అదే కిటికీ, మెడ అదే వాలు. గెల నరికిన చప్పుడుకి కూడా తల తిప్పలేదు. మనిషి చెట్టు మీంచి ఎలా దిగాడో అతనికే తెలియదు. సాయంత్రానికల్లా టీ కొట్టు దగ్గర మాట తేలిపోయింది: "ఎవత్తినో చంపి కూర్చోబెట్టాడంట."

మర్నాడు పోలీసులు పడవ మీద వచ్చి పై గది తలుపు తీయించారు. ముందు భయం, తర్వాత నవ్వు, ఆ తర్వాత ఫోన్లు బయటికొచ్చాయి. బొమ్మ ఫోటో, పక్కన లుంగీలో నిలబడ్డ ఆయన ఫోటో రాత్రికి మూడు నాలుగు మండలాల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. రెండు రోజుల తర్వాత తెల్లవారుజామున తమ్ముడు ఆయన్ని రేవు మెట్ల మీద మోకాళ్ల లోతు నీళ్లలో చూసి ఇంటికి తీసుకొచ్చారు. "స్నానానికి దిగానండి" అని నాతో అన్నారు. కాసేపాగి, "గెడ్డం కింద దాకా వెళ్దామనుకున్నాను" అన్నారు. అందుకని మొదటి రోజు నా పని బొమ్మ గురించి కాదు. రాత్రిళ్లు తమ్ముడి కొడుకు ఆ ఇంట్లోనే పడుకునేట్టు ఒప్పించాను. ఎప్పుడు మనసు అటు లాగినా ఫోన్ చెయ్యమని ఆయన ఫోన్లోనే ఒక హెల్ప్‌లైన్ నంబరు ఎక్కించాను. ఆ అక్టోబరులో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ మొదలయ్యాక 14416 కూడా ఎక్కించాను. ఆ వారమే సైకియాట్రిస్టుకి చూపించాం. సైకియాట్రిస్టు సెర్ట్రలిన్ అనే డిప్రెషన్ మందు మొదలుపెట్టారు.

క్రియలు వినడం

మొదటి సెషన్‌లో నేను విన్నదంతా క్రియలే. తెలుగులో మాట్లాడే పేషంటు దగ్గర మనకో చిక్కుంది. "పైన కూర్చుంది" అంటే మనిషా, వస్తువా అనేది ఆ వాక్యం చెప్పదు. అమ్మాయి వచ్చింది, బస్సూ వచ్చింది. బొమ్మ మగబొమ్మ అయితే "కూర్చున్నాడు" అన్నచోటే దొరికిపోతారు. ఆడబొమ్మకి భాష చాటు ఇస్తుంది. అందుకే తిన్నగా అడగడం మానేసి, రోజు ఎలా గడుస్తుందో చెప్పమన్నాను.

"పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చోబెడతానండి. తొమ్మిదింటికి ఎండ మొహాన పడుతుంది, అప్పుడు కుర్చీ జరుపుతాను. మధ్యాహ్నం నేను తింటాను. రాత్రికి పడుకోబెడతాను. ఆదివారం ఒళ్లంతా తుడిచి పౌడరు రాస్తాను."

కూర్చోబెడతాను, జరుపుతాను, పడుకోబెడతాను, తుడుస్తాను. బొమ్మ తనంతట తాను చేసే పని ఒక్కటీ లేదు. "అంటుంది", "అడుగుతుంది", "అలుగుతుంది" లేవు. తినేది కూడా ఆయనొక్కడే. భ్రమలో ఉన్న మనిషి రోజు ఇలా ఉండదు. అయినా అడగాలి కాబట్టి, "ఆవిడ మీతో మాట్లాడతారా?" అన్నాను. ఆయన నా వంక కాస్త జాలిగా చూశారు. "బొమ్మ ఎలా మాట్లాడుతుందండీ?"

"మరి మీరు?"

"ఆయ్, నేను మాట్లాడతానండి. ఇంజిన్ రూములో జనరేటర్‌తోనూ మాట్లాడేవాణ్ణి."

సైకోసిస్ లేదు. జ్ఞాపకశక్తి, లెక్క, దిక్కు అన్నీ బాగున్నాయి. PHQ అనే డిప్రెషన్ ప్రశ్నావళిలో 27కి 16 వచ్చాయి. ఒంటరితనం కొలవడానికి మేం వాడే యూసీఎల్ఏ స్కేలు 1978 నాటిది, ఇరవై ప్రశ్నలు, స్కోరు 20 నుంచి 80 దాకా ఉంటుంది. ఆయనకి 58 వచ్చాయి. లైంగిక వికృతి అనే నిర్ధారణ ఆయన ఫైలు మీద రాయమని తమ్ముడి తరఫు పెద్దమనిషి ఒకరు నన్ను ఫోన్‌లో అడిగారు, ఆస్తి వ్యవహారమేదో ఆయన మనసులో ఉన్నట్టుంది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన డబ్ల్యూహెచ్‌వో జబ్బుల వర్గీకరణ ఐసీడీ 11 ఈ విషయంలో స్పష్టంగా ఉంది. మనిషి ఏకాంతంలో, ఎవరికీ హాని లేకుండా చేసేదాన్ని జబ్బు అనాలంటే అతనికి తీవ్రమైన బాధ ఉండాలి, లేదా ఒంటికో ప్రాణానికో ముప్పుండాలి. ఆ బాధ కూడా నలుగురూ వెలివేస్తారన్న భయం వల్ల మాత్రమే కలిగేదైతే చాలదు. ఈయన బాధలో సగం వాట్సాప్‌లోంచి వచ్చింది. మిగతా సగం రెండేళ్ల కిందటి చావుది. నేను రాసింది డిప్రెషన్, దీర్ఘకాలిక శోకం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆయన ఫైల్లో ఏముందో ఆ పెద్దమనిషికి చెప్పక్కర్లేదని కూడా చెప్పాను.

అందరూ అడగాలనుకుని అడగలేని ప్రశ్న నేను రెండో సెషన్‌లో అడిగాను. ఆయన నేల చూస్తూ, "కొత్తలో ఒకట్రెండు సార్లండి. తర్వాత ఆ ధ్యాసే పోయింది" అన్నారు. దాని మీద ఇంతకన్నా రాయడానికి ఏమీ లేదు. ఇటువంటి కేసుల్లో చర్చంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగి, పక్కన మిగతా ఇరవై మూడు గంటలు వదిలేస్తారు.

ఊరి గొడవ

గోదావరి జిల్లాల్లో మనిషిని వెలేసేది కేకలతో కాదు, వెటకారంతో. అదీ గారు, అండీ తగిలించి మరీ. ఆయనకి పేరు పెట్టేశారు: బొమ్మ మొగుడు గారు. "ఏమండీ బొమ్మ మొగుడు గారూ, ఆవిడగారు కాఫీ తాగారా అండీ?" అని అడిగే మనిషిని కొట్టలేం, తిట్టలేం. మర్యాదగానే అడిగాడు మరి. ఆయన టీ కొట్టుకి వెళ్లడం మానేశారు. ఊరు వదిలి రాజోలు వెళ్లి సరుకులు తెచ్చుకోవడం మొదలుపెట్టారు.

ఆయన్ని వెనకేసుకొచ్చింది ఒక్క రిటైర్డ్ తెలుగు మాస్టారే. అశ్వమేధంలో రాముడు బంగారు సీతను పక్కన కూర్చోబెట్టుకోలేదా అని టీ కొట్టు దగ్గర వాదించారట. దానికి వచ్చిన జవాబు: "అది యాగశాలలో మాస్టారూ. ఈయన మేడ మీద గదిలో పెట్టుకున్నాడు."

నవ్వుకున్నాను గానీ ఆ జవాబులో సంగతంతా ఉంది. బొమ్మలంటే మనకి భయం లేదు. కొత్తపేట శిల్పులు చేసిన ఫైబరు, కంచు విగ్రహాలు కోనసీమంతా కనిపిస్తాయి. పోయిన తల్లిదండ్రుల్ని చేయించి తోటలో మండపం కట్టి నిలబెట్టుకున్న కుటుంబాలు నాకే తెలుసు. తద్దినం రోజున విగ్రహానికి కొత్త బట్ట కప్పి, విస్తరి వేస్తారు. 2020 ఆగస్టులో కర్ణాటకలోని కొప్పళలో ఒక వ్యాపారి, చనిపోయిన భార్య నిలువెత్తు సిలికోన్ బొమ్మను గృహప్రవేశం రోజున సోఫాలో కూర్చోబెడితే దేశమంతా కళ్లు తుడుచుకుంది. అదే ఆగస్టులో మా పేషంటు భార్య పోయారు. ఆ వీడియో ఆయనకి కూతురే పంపిందట.

తేడా ఎక్కడుందంటే, విగ్రహం హాల్లో ఉంటుంది, గట్టిగా ఉంటుంది, నలుగురి కోసం ఉంటుంది. అందరూ దండ వెయ్యొచ్చు. ఈ బొమ్మ మెత్తగా ఉంది, మేడ మీద ఉంది, ఒక్కడి కోసం ఉంది. మగవాడు కావడం కూడా ఒక కారణమే. కొన్నేళ్ల కిందట బిడ్డ పోయాక పసిపాప బొమ్మను ఉయ్యాల్లో పెట్టుకున్న ఒకావిడ నా దగ్గరకొచ్చింది. అచ్చం నెలల పిల్లలా ఉంటాయి ఆ బొమ్మలు, వెంట్రుకలు కూడా ఒక్కొక్కటిగా నాటుతారు. ఊళ్లో అందరూ "అయ్యో పాపం" అన్నారే గానీ ఎవరూ ఫోటో తీయలేదు. మతిమరుపు జబ్బున్న పెద్దలకి బొమ్మలిచ్చి చూసుకోవడం వైద్యంలో ఉన్నదే. జపాన్ వాళ్లు చేసిన పారో అనే సీల్ రోబోకి 2009లో అమెరికా ఎఫ్‌డీఏ వైద్య పరికరంగా అనుమతిచ్చింది. ముసలమ్మ సీల్‌ని నిమిరితే థెరపీ. అరవై ఏళ్ల మగవాడు బొమ్మ జుట్టు దువ్వితే వార్త.

నా పొరపాటు

ఇదంతా నాకు మొదటి నుంచీ తెలుసన్నట్టు రాస్తున్నాను గానీ, కాదు. మూడో సెషన్‌లో నేను చేసిన పని తప్పు. ఇంట్లో టెన్షన్ తగ్గాలి, తమ్ముడి భార్య గడప తొక్కడం మానేసింది, కూతురు ఫోన్ ఎత్తడం లేదు. అందుకని, "ఒక్క వారం బొమ్మను కింద స్టోర్ రూములో పెట్టి చూద్దాం" అన్నాను. ఎక్స్‌పోజర్, అంటే భయపడేదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కొనేలా చేసే చికిత్స, అని ఫైల్లో గొప్పగా రాసుకున్నాను. ఆయన మాట తీసెయ్యలేని మనిషి, పెట్టారు. కొబ్బరి పీచు బస్తాల పక్కన, దుప్పటి కప్పి. నాలుగు రాత్రులు నిద్రపోలేదు. మానేసిన తాగుడు మళ్లీ మొదలుపెట్టారు. అపాయింట్‌మెంటుకి రాలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ సలహాలో వైద్యం కన్నా నా ఏవగింపే ఎక్కువ. వాట్సాప్ ఫోటో నాకూ వచ్చింది. చూసి ఫోన్ బోర్లా పెట్టేశాను.

సరే, నేనే వెళ్లాను. పంటు దిగి, ఆటోలో లంక గట్టు దాకా, అక్కణ్ణుంచి తోటల్లో నడక. ఆయన అప్పటికే బొమ్మను పైకి చేర్చేశారు, ఆ సంగతి చెప్పడానికి సిగ్గుపడుతున్నారు. పైకి వస్తారా అని ఆయనే అడిగారు.

గదంతా పౌడరు వాసన. ఒక మంచం, ఒక గోద్రెజ్ బీరువా, గోడకి భార్య ఫోటో, దాని దండ ఎండిపోయి ఉంది. కిటికీ పక్క కుర్చీలో లేత పసుపు వాయిల్ చీరలో కూర్చునుంది. చూపు కాస్త పక్కకి, తలుపు వైపు కాదు. చేతి గోళ్లకి రంగు లేదు. మోచేతి దగ్గర చర్మం పగిలితే సన్నగా జిగురు పెట్టి అతికించిన గీత ఉంది. మనిషిలా ఉండీ మనిషి కాని రూపం చూస్తే ఒళ్లు జలదరిస్తుందని జపాన్ ఇంజినీరు మసహిరో మోరి 1970లోనే రాశారు, చదువుకున్నాను కూడా. ఆ గుమ్మంలో నా చదువు పనిచేయలేదు. నా చేతులు వాటంతటవే నమస్కారానికి లేచాయి.

ఆయన గబుక్కున నవ్వారు. నేను చూసిన మొదటి నవ్వు అది. "కంగారు పడకండి మేడమ్ గారూ. బొమ్మండీ అది."

కిందికొచ్చి కొబ్బరి నీళ్లు తాగుతుంటే ఆ రోజు ఆయన రెండు గంటలు మాట్లాడారు. పాతికేళ్ల పైన, ఏడాదికి తొమ్మిదేసి నెలలు ఆయన సముద్రం మీద. ఆవిడ ఇదే ఇంట్లో ఒక్కత్తీ. రాత్రి భోజనం చేసి, ఆయన ఫోటో ముందు కూర్చుని ఆ రోజు కాయెంత దిగింది, దళారి ఎంతిచ్చాడు, పిల్లకి జ్వరం తగ్గిందా లేదా, అన్నీ అప్పజెప్పేదట. తోడికోడలు ఏడిపించేదట. "అదీ నా బొమ్మతో కాపురమే గదండీ మరి," అన్నారు. "దాన్నెవరూ పిచ్చిదనలేదు. మహా ఇల్లాలు అన్నారు."

ఓడల్లో ఉండగా ఇలాంటి బొమ్మల గురించి ఆయన వినే ఉన్నారు. టోక్యోలో ఓరియంట్ ఇండస్ట్రీ అనే కంపెనీ 1977 నుంచీ చేసింది. సిలికోన్‌తో, మనిషేనా అనిపించేలా చేయడం 1990లలో కాలిఫోర్నియాలో మొదలైంది. తోటివాళ్లు జోకులేస్తుంటే ఈయన కీళ్ల డ్రాయింగులు చూసేవారట. నాకు ఆ మాట నమ్మబుద్ధయింది. ఆ మోచేతి రిపేరు చూసిన ఎవరికైనా నమ్మబుద్ధవుతుంది.

కవరు

తొమ్మిదో సెషన్ దాకా ఆయన భార్య చావు గురించి తేదీ, ఆసుపత్రి తప్ప ఏమీ చెప్పలేదు. నేనూ తొందరపెట్టలేదు. ఆ రోజు నేను మామూలుగా అడిగిందేమిటంటే, బొమ్మ పార్సిల్ పెట్టెలో వచ్చిందా, విడి భాగాలుగా వచ్చిందా అని. తల వేరే, ఒళ్లు వేరే వచ్చాయన్నారు. పెద్ద అట్టపెట్టె, లోపల ఫోము, ఆ ఫోములో ప్లాస్టిక్ కవరు చుట్టి. అక్కడ ఆగిపోయారు.

2020 ఆగస్టులో ఆసుపత్రి వెనక గేటు దగ్గర ఆయనకి భార్యను చూపించింది కూడా ప్లాస్టిక్ కవరులోనే. పదడుగుల దూరం నుంచి. నిలువునా జిప్పు, దాని మీద మార్కరుతో నంబరు. "మొహం ఒక్కసారి" అని అడిగితే, వెనక ఇంకో నాలుగు ఉన్నాయి, జరగమన్నారు. ఆ ఆసుపత్రి మనుషుల్ని కూడా అనడానికి లేదు, ఆ నెలలో వాళ్ల పరిస్థితి అది. దహనం వాళ్లే చేశారు. ఊళ్లోకి తేలేదు. పదకొండో రోజుకి నలుగురు వచ్చారు, మాస్కులతో, గుమ్మం బయటే నిలబడి వెళ్లిపోయారు. లోపల ఉన్నది తన భార్యేనా అని ఆయనకి ఏడాది పైన అనుమానం పీకిందట. నంబరు మారి ఉంటే?

"ఈ కవరు నేను కత్తెరతో కత్తిరించానండి," అన్నారు. "పై నుంచి కింద దాకా. నా ఇంట్లో. ఎవరూ జరగమనలేదు."

కవరు తీశాక చాలాసేపు అలాగే కూర్చున్నారట. తల బిగించింది మర్నాడు. ఆయన భార్య పేరు ఆ బొమ్మకి ఎప్పుడూ పెట్టలేదు. అసలు ఏ పేరూ పెట్టలేదు. మొహం కూడా భార్యలా ఉండేది ఎంచుకోలేదు, కావాలనే. "అలా ఉంటే చూడలేనండి" అన్నారు.

ఆ రోజు నేను నోట్స్ రాయలేదు. మర్నాడు రాశాను.

తర్వాత నాలుగు సెషన్లు పూర్తిగా ఆ కవరు చుట్టూనే సాగాయి. ఆసుపత్రి రికార్డు తెప్పించి, టైమూ నంబరూ కలిపి చూశాం. ఆవిడ రెండో ఆబ్దికం కూడా సరిగా చేయలేదని తెలిసి, మూడో ఏడాది చెయ్యమని నేనే అన్నాను. పురోహితుడు, వంటవాళ్లు, అరవై విస్తళ్లు. ఎవరు వస్తారా అని ఆయనకి దిగులు. నలభై మంది వచ్చారు, అందులో పదిమంది మేడ మెట్ల వైపు తొంగి చూడ్డానికే వచ్చారు. భోజనాలు బాగున్నాయని వెళ్లారు.

చీర

అన్నిటికన్నా కష్టమైన సంభాషణ భార్య చెల్లెలితో జరిగింది. ఆవిడకి బొమ్మ మీద కన్నా చీర మీద కోపం. వాట్సాప్ ఫోటోలో బొమ్మ కట్టుకున్నది తన అక్క చీరని మొదట గుర్తుపట్టింది ఆవిడే. "కావాలంటే దానికి బజార్లో కొనుక్కోవచ్చుగా బావగారూ. మా అక్క ఒంటి మీది చీరే దొరికిందా?"

ఆయన జవాబు నేను ఊహించలేదు. కొత్త చీర రంగు దిగుతుందట. టీపీఈ చర్మానికి ముదురు రంగు బట్ట తగిలితే మరక పడిపోతుంది, ఇక పోదు. మొదట నరసాపురంలో కొన్న ఎర్ర చీర కట్టి, భుజం మీద గులాబీ మరక చేసుకున్నారు. అందుకని వందసార్లు ఉతికి రంగు వెలిసిన నూలు చీరలు, వాయిల్ చీరలు మాత్రమే కడతారు. అలాంటివి ఇంట్లో ఒక్కరివే ఉన్నాయి. రోహిణి కార్తెలో ఒంటి నుంచి నూనె లాంటిది కారుతుంది, అది పీల్చుకోవడానికీ పాత నూలే మంచిదట. ఇదంతా మెకానిక్ చెప్పినట్టే చెప్పారు.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పట్టుచీరలు ముట్టుకోలేదుగా?" అంది. లేదన్నారు. బీరువా తాళం తీసుకెళ్లి లెక్క చూసుకుంది. అన్నీ ఉన్నాయి. మరక కారణం నిజమే గానీ, కారణం అదొక్కటే అనుకుంటే నేను సైకాలజిస్టుని కాను. అయినా ఆ రోజు వాళ్లిద్దరికీ అది చాలింది. నేను తవ్వలేదు.

బొమ్మ మంచిదేనని నేను తీర్పిస్తున్నట్టు ఎవరైనా అనుకుంటే, వరద సంగతి చెప్పాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. లంకలన్నీ మునిగాయి. పడవ ఆయన ఇంటి మెట్ల దగ్గరికొచ్చి పిలిస్తే ఆయన రాలేదు. సామాను కాపలా అన్నారు. అసలు సంగతి ఏంటంటే, 34 కిలోల బొమ్మను ఎవరూ చూడకుండా పడవలోకి చేర్చే దారి లేదు, వదిలి రావడానికి మనసు ఒప్పలేదు. కింద గదుల్లో నడుము లోతు నీళ్లు, కరెంటు లేదు, పైన రెండు రాత్రులు బిస్కట్లతో గడిపారు. అప్పటికి బీపీ మాత్రలు అయిపోయాయి. ఇది హాని. ఇంకో హాని కూడా ఉంది, కనపడనిది. బొమ్మ అలగదు, ఎదురు చెప్పదు. కూతురితో మాట పట్టింపు వచ్చినప్పుడు పదిసార్లు ఫోన్ చేయాల్సినవాడు పైకి వెళ్లి కూర్చునేవారు. ఆయనతోనే అన్నాను ఈ మాట. ఒప్పుకున్నారు. అందుకని బొమ్మ జోలికి పోకుండా రెండు నియమాలు పెట్టుకున్నాం: రాత్రి పైకెక్కే ముందు ఒక మనిషికి ఫోన్ చెయ్యాలి. వరద హెచ్చరిక వస్తే మొదటి పడవకే బయల్దేరాలి, ఒక్కడే.

ఏరియేటర్

ఇక్కణ్ణుంచి జరిగిన మార్పులో నా పాత్ర తక్కువ. 2023 వేసవిలో ఊరవతల రొయ్యల చెరువులో అర్ధరాత్రి, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్ గేర్‌బాక్సు పట్టేసింది. చెరువులో ఆక్సిజన్ పడిపోతే రొయ్య కొన్ని గంటల్లో తేలిపోతుంది, లక్షల్లో పోతుంది. మెకానిక్ భీమవరం నుంచి రావాలి. తమ్ముడు అన్నగారి పేరు చెప్పారు. రైతు రాత్రి రెండింటికి తలుపు కొట్టాడు. ఆయన ఓడ నాటి టూల్ కిట్ తీసుకుని వెళ్లి, తెల్లారేలోగా తిప్పించారు.

నెల తిరక్కుండా ఏడు చెరువుల వాళ్లు రావడం మొదలైంది. ఇంటి ముందు మోటార్లు, షాఫ్టులు, ఎదురుచూసే మనుషులు, వాళ్లకి టీలు. బొమ్మ మొగుడు గారు పోయి ఫిట్టరు గారయ్యారు. ఊరికి ఆయన అర్థమయ్యారని కాదు. అవసరమయ్యారు. రొయ్య తేలిపోతున్న రైతుకి మేడ మీద ఏముందో పట్టదు. వెటకారం మాత్రం పూర్తిగా పోలేదు, ఇప్పుడు ఆయన కూడా తిప్పి అంటున్నారు. మొన్నెవరో "ఆవిడగారు కులాసానా అండీ" అంటే, "ఆయ్, మీ ఆవిడకన్నా తక్కువ మాట్లాడుతుందండి" అన్నారట.

పద్నాలుగు సెషన్లు, తర్వాత మూడు నెలలకోసారి ఫాలోఅప్. 2023 చివరికి డిప్రెషన్ స్కోరు 6కి, ఒంటరితనం స్కోరు 44కి వచ్చాయి. 44 అంటే పోయినట్టు కాదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి ఒంటరితనం ఉందని 2025 జూన్‌లో డబ్ల్యూహెచ్‌వో కమిషన్ చెప్పింది. ఆ ఆరో మనిషి ఆయనే. మందు సైకియాట్రిస్టు సలహాతో మెల్లగా తగ్గించి ఆపేశారు. 2024 సంక్రాంతికి కూతురు వచ్చింది. పైకి ఒక్కత్తే వెళ్లి, పది నిమిషాలకి దిగొచ్చి, "నాన్నా, అమ్మ పట్టుచీరలు నాకు రెండు కావాలి" అందట. పైన ఏం చేసిందో ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

బొమ్మ ఇంకా ఉంది. కుర్చీ మాత్రం కిటికీ దగ్గర్నుంచి తీసేశారు. దింపు వాళ్లు బెదిరిపోతున్నారని ఒకసారి, ఎండ తగిలితే చర్మం పాడవుతుందని ఇంకోసారి చెప్పారు. భుజం కీలు అరిగిపోయింది, చెయ్యి పైకెత్తితే నిలవదు. చెరువుల పని ఉన్న వారాల్లో ఆదివారం పౌడరు కూడా మర్చిపోతున్నారట.

ఈ మధ్య ఫాలోఅప్‌కి తమ్ముణ్ణీ మరదల్నీ వెంటబెట్టుకుని వచ్చి ఒక విషయం తేల్చమన్నారు. తను పోయాక దాన్నేం చెయ్యాలి? జపాన్‌లో పాత బొమ్మల్ని గుళ్లో ఇచ్చి, పూజ చేయించి సాగనంపుతారని ఆయన విన్నారు. మనకి అలాంటిది లేదు. తమ్ముడు చటుక్కున, "గోదాట్లో కలిపేద్దాం" అన్నారు. ఫిట్టరు గారికి నచ్చలేదు. ప్లాస్టిక్కు కరగదు, లోపల స్టీలు, ఏ రేవులోనో తేలి మళ్లీ పోలీసులొస్తారు. తగలబెడితే విషం పొగ. తోటలో పాతిపెడదామంటే ఏ వరదకో బయటపడుతుంది.

"బావగారూ," అంది మరదలు, "విడగొట్టేస్తే సరిపోదా? ఏ ముక్కకి ఆ ముక్క."

ఆయన కాసేపు ఆలోచించారు. "ఆయ్, అదే పద్ధతి," అన్నారు. "కానీ అది నేనే చెయ్యాలి. మీకు స్క్రూలు ఎక్కడున్నాయో తెలియదు."

ఎప్పుడని ఎవరూ అడగలేదు. రెండింటి పంటుకి టైమైందని లేచారు.